ఆగని కబురు: కడుపు క్యాన్సర్ కణంలో జరిగేదేమిటి

"సగం రొట్టె తినంగనే కడుపు నిండినట్లయితుంది సారూ." గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెల్లో ఈ మాట అన్న మనిషికి ముందుగా దొరికేది గ్యాస్ గోలీ. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇస్తాడు, లేకుంటే మందుల షాపులో అడిగి తెచ్చుకుంటారు. యాసిడ్‌ను తగ్గించే ఆ గోలీతో మంట నిజంగానే తగ్గుతుంది, చాలామందికి బాధ అంతటితో తీరిపోతుంది కూడా. కొద్దిమందిలో మాత్రం అది లోపలి పుండును మరుగుపరుస్తుందే తప్ప మూలాన్ని తాకదు. నెలలు గడుస్తాయి. బరువు తగ్గుతుంది, విరేచనం తారులా నల్లగా అవుతుంది, ఒంట్లో రక్తం పడిపోతుంది. అప్పుడు కర్నూలుకో, మహబూబ్‌నగర్‌కో, హైదరాబాద్‌కో బస్సెక్కుతారు. ఎండోస్కోపీ చేసిన డాక్టరు క్యాన్సర్ అని చెప్పేసరికి అది కడుపు గోడను దాటి ఉండటం మన దగ్గర మామూలు.

ఆ నెలల్లో, అంతకుముందు ఏళ్ల తరబడి, కడుపు పొరలోని కణాల మధ్య ఏం నడిచింది? గత నలభై ఏళ్ల పరిశోధన ఈ ప్రశ్నకు చాలావరకు జవాబు చెప్పింది. ఆ జవాబులను ఒకచోట పెట్టి చూసినప్పుడు నాకు కలిగిన అభిప్రాయం ముందే చెబుతాను. ఈ జబ్బులో కణాన్ని పెరగమనే కబురును మొదలైన చోటే ఆపడం సులువు, చవక. అది కాలువలన్నింట్లోకి పారాక ఆపడం కష్టం, ఖరీదు. మనం ఖర్చూ శ్రమా ఎక్కువగా పెడుతున్నది రెండో చోట.

ప్రపంచంలో 2022లో సుమారు 9.7 లక్షల మందికి కొత్తగా కడుపు క్యాన్సర్ వచ్చింది, 6.6 లక్షల మంది చనిపోయారు. క్యాన్సర్ మరణాల్లో దీనిది ఐదో స్థానం. భారతదేశంలో ఏటా 60 వేలకు పైగా కొత్త కేసులు. మన దేశంలో మిజోరం ముందుంది. ఉత్తరాది కంటే దక్షిణాదిలో ఎక్కువ.

కణానికి సొంత నిర్ణయం అంటూ తక్కువ. పెరగమని, చీలమని, చావమని బయటి నుంచి కబురు రావాలి. కణం పైపొర మీద ఆ కబురును అందుకునే ప్రొటీన్లుంటాయి, వాటిని గ్రాహకాలంటారు. గ్రాహకం కబురు అందుకోగానే లోపలున్న ప్రొటీనుకు, అది పక్కదానికి, చివరికి కేంద్రకంలోని జన్యువులకు చేరవేస్తుంది. ఈ చేరవేతకు వాడే సరుకు చాలాచోట్ల ఒక్కటే, ఫాస్ఫేట్. కైనేజ్ అనే ఎంజైములు, కణానికి శక్తినిచ్చే ఏటీపీ నుంచి ఫాస్ఫేట్‌ను తీసి తర్వాతి ప్రొటీనుకు తగిలిస్తాయి. తగిలించగానే సాధారణంగా అది మేల్కొంటుంది, తీసేస్తే నిద్రపోతుంది. ఇక్కడ మన భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావును తలచుకోకుండా ముందుకు పోలేను. హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్‌ను రంగు ద్వారా కొలిచే పద్ధతిని ఆయన 1925లో ప్రచురించారు. కండరంలో ఏటీపీని గుర్తించినవారిలోనూ ఆయన ఒకరు, అది 1929 నాటి మాట. క్యాన్సర్ కణంలో ఫాస్ఫేట్ ఎటు పారుతోందని ఇవాళ వెతుకుతున్న శాస్త్రమంతా ఆ కొలత తర్వాత వచ్చిందే.

మామూలు కణంలో కబురు వచ్చినంత వేగంగా ఆగిపోతుంది కూడా. జూరాల కాలువ కింద సేద్యం చేసే రైతుకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. తూము తెరిస్తే నీళ్లు, మూస్తే లేవు. కణంలో అలాంటి తూము ప్రొటీను ఒకటుంది, పేరు రాస్. గ్రాహకం పిలిచినప్పుడు తెరుచుకుని, పని కాగానే తనంతట తానే మూసుకుంటుంది. దాని జన్యువులో ఒక్క అక్షరం మారితే మూసుకునే గుణం పోతుంది. అప్పుడు గ్రాహకం మౌనంగా ఉన్నా "పెరుగు, చీలు" అనే కబురు లోపలికి పారుతూనే ఉంటుంది. రాస్ కింద రెండు పెద్ద కాలువలున్నాయి. ఒకటి ఎర్క్ అనే ప్రొటీను దాకా పోయి కణాన్ని విభజనకు తోస్తుంది. రెండోది పీఐ3కే, ఏకేటీ, ఎమ్‌టార్ అనే ప్రొటీన్ల మీదుగా పోయి కణాన్ని చావకుండా కాపాడుతుంది, దానికి తిండి సమకూరుస్తుంది. కడుపు క్యాన్సర్‌లో ఈ రెండింటిలో ఏదో ఒక చోట తూము చెడటం తరచుగా కనిపిస్తుంది. ఒక కాలువకు అడ్డుకట్ట వేస్తే నీళ్లు రెండోదాంట్లోకి మళ్లుతాయి. మందుల కథ దగ్గరికి వచ్చినప్పుడు ఈ మాట గుర్తుంచుకోవాలి.

ఇంతకీ తూమును మొదట చెరిపేది ఎవరు? ఎక్కువమందిలో ఒక బాక్టీరియా. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బ్యారీ మార్షల్ 1982లో కడుపు పొర నుంచి దాన్ని పెంచి చూపించారు. యాసిడ్‌లో సూక్ష్మజీవులు బతకవన్న నమ్మకం బలంగా ఉన్న కాలమది. 1984లో మార్షల్ ఆ క్రిములున్న ద్రావణాన్ని తానే తాగి జఠర వాపు తెచ్చుకున్నారు. హెలికోబాక్టర్ పైలోరీ అని పేరుపడ్డ ఆ క్రిమిని ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ విభాగం 1994లో మొదటి తరగతి క్యాన్సర్ కారకంగా ప్రకటించింది. 2005లో వారిద్దరికీ నోబెల్ వచ్చింది.

హెచ్. పైలోరీ చేసే పని దగ్గరగా చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. దీనిలోని ప్రమాదకరమైన రకాలకు సూదిలాంటి నిర్మాణం ఉంటుంది. అది కడుపు కణానికి గుచ్చుకుని క్యాగ్-ఏ అనే ప్రొటీనును లోపలికి ఎక్కిస్తుంది. లోపలికి చేరిన క్యాగ్-ఏకి మన కణంలోని కైనేజులే ఫాస్ఫేట్ తగిలిస్తాయి. పరాయి ప్రొటీనుకు మన ఇంటి ముద్ర పడిందన్నమాట. ముద్ర పడిన క్యాగ్-ఏ పోయి ఎస్‌హెచ్‌పీ2 అనే ఎంజైమును పట్టుకుని మేల్కొలుపుతుంది. ఎస్‌హెచ్‌పీ2 పేరుకు ఫాస్ఫేట్‌ను తీసేసేదే అయినా, అది తీసేది బ్రేకుల మీది ఫాస్ఫేట్‌ను. అందుకని రాస్ తూము తెరుచుకుని ఎర్క్ కాలువ నిండుతుంది. జపాన్ శాస్త్రవేత్త మసనోరి హతకెయామా బృందం 2002లో దీన్ని చూపించింది. 2008లో అదే బృందం, క్యాగ్-ఏ జన్యువును ఎలుకల్లో పెడితే క్రిమి లేకున్నా కణితులు వస్తున్నాయని నిరూపించింది. తూర్పు ఆసియాలోని క్యాగ్-ఏ రకం ఎస్‌హెచ్‌పీ2ను మరింత గట్టిగా పట్టుకుంటుంది. జపాన్, కొరియాల్లో ఈ క్యాన్సర్ ఎక్కువగా ఉండటానికి చెప్పే కారణాల్లో ఇదొకటి.

మన దగ్గరి క్రిముల సంగతి హైదరాబాద్‌లోనే తేలింది. సీడీఎఫ్‌డీ పరిశోధన సంస్థలో నియాజ్ అహ్మద్ బృందం భారతీయ హెచ్. పైలోరీ జన్యువులను పోల్చి, వాటి వంశమూలాలు ఐరోపా రకాలతో కలుస్తున్నాయని 2007లో ప్రచురించింది. మరుసటి ఏడాది అదే బృందం ఈ క్రిమిలోని జేహెచ్‌పీ940 అనే ప్రొటీనును వేరుచేసి మనిషి రోగనిరోధక కణాల మీద వేసి చూసింది. ఆ కణాలు వాపు పుట్టించే టీఎన్‌ఎఫ్-ఆల్ఫా, ఐఎల్-8లను వెదజల్లాయి. తర్వాత 2010లో కొరియా పరిశోధకులు ఆ ప్రొటీను స్వయంగా ఒక కైనేజ్ అని, మన కణంలోకి దూరి ఎన్ఎఫ్-కప్పా బి అనే మార్గాన్ని రెచ్చగొడుతుందని చూపించారు. హైదరాబాద్‌లో మొదలైన ప్రశ్నకు సియోల్‌లో జవాబు దొరకడం నాకు నచ్చిన విషయం. మన ప్రయోగశాలలు ఈ కథలో చూసిపోయే అతిథులు కావు.

ఎన్ఎఫ్-కప్పా బి మీద కొంచెం ఆగాలి, ఎందుకంటే వాపుకూ క్యాన్సర్‌కూ మధ్య వంతెన అదే. క్రిమి చేరిన చోట శరీరం మంట పెట్టి దాన్ని చంపాలనుకుంటుంది. ఆ మంట ఆజ్ఞను జన్యువులకు చేర్చేది ఎన్ఎఫ్-కప్పా బి. పది రోజుల జబ్బయితే మంట ఆరిపోతుంది. కానీ హెచ్. పైలోరీ చిన్నతనంలోనే అంటుకుని, మందులివ్వకపోతే జీవితాంతం ఉండిపోతుంది. అన్నేళ్లూ వాపు కణాలు ఐఎల్-6 వంటి సంకేతాలను వదులుతూనే ఉంటాయి, అవి స్టాట్3 మార్గం ద్వారా పొర కణాలకు "చావొద్దు, చీలు" అని చెబుతూనే ఉంటాయి. అసలే కడుపు పొర కొద్ది రోజులకోసారి కొత్తగా తయారవుతుంది. అంత వేగంగా చీలే చోట, వాపు వల్ల డీఎన్ఏ దెబ్బతింటూ ఉంటే, తప్పులు పోగుపడక మానవు.

ఆ పోగుపడే క్రమాన్ని కొలంబియాకు చెందిన పెలాయో కొరెయా 1975 నుంచి మెట్లు మెట్లుగా వివరించారు. మొదట వాపు, తర్వాత గ్రంథులు ఎండిపోవడం, ఆపైన కడుపు పొర పేగు పొరలా మారిపోవడం, ఆపైన కణాల రూపు చెడటం, చివరికి క్యాన్సర్. ఈ మెట్లు దిగడానికి దశాబ్దాలు పడుతుంది. చాలామంది మధ్యలోనే ఆగిపోతారు. ఉప్పు ఎక్కువైన తిండి, పొగాకు ఈ ప్రయాణాన్ని తొందరపెడతాయి. ఉప్పు ఎక్కువైతే క్రిమి క్యాగ్-ఏను ఎక్కువగా తయారుచేస్తుందని ప్రయోగశాలలో కూడా తేలింది. జొన్నరొట్టెలోకి ఊరగాయ వద్దని నేననను. మూడు పూటలా అదే కూర అయితే మాత్రం ఆలోచించాల్సిందే.

కడుపు క్యాన్సర్ ఒక జబ్బు కాదు. ఫిన్లాండ్ పాథాలజిస్టు పెక్కా లారెన్ 1965లోనే సూక్ష్మదర్శినిలో రెండు రకాలు చూశారు. ఒకదానిలో కణాలు గుంపుగా, గ్రంథుల్లా అమరి ఉంటాయి. రెండోదానిలో ఒక్కొక్కటిగా విడిపోయి గోడంతా పరుచుకుంటాయి. 2014లో అమెరికా క్యాన్సర్ జీనోమ్ అట్లాస్ 295 కణితుల జన్యువులు చదివి నాలుగు తెగలుగా విడదీసింది. సుమారు సగం కణితుల్లో క్రోమోజోములే చిందరవందర, గ్రాహకాల జన్యువులు ఎక్కువ కాపీలుగా పెరిగిపోయేది వీటిలోనే. 22 శాతంలో డీఎన్ఏ తప్పులు దిద్దే యంత్రాంగం చెడిపోయింది. 20 శాతం పైకి ప్రశాంతంగా కనిపించే జన్యువులవి, విడివిడి కణాల రకం ఎక్కువగా ఇందులోనే ఉంటుంది. మిగిలిన 9 శాతం ఎప్‌స్టీన్-బార్ వైరస్‌తో ముడిపడ్డవి. వీటిలో నూటికి ఎనభైలో పీఐ3కే జన్యువు మారి ఉంటుంది.

విడివిడి కణాల రకాన్ని అర్థం చేసుకోవడానికి గద్వాల చీర కంటే మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. చీర నడుమంతా నూలు, అంచూ కొంగూ పట్టు. నూలూ పట్టూ కలిసే చోట మగ్గం మీదే పేక దారాలను ఒకదానిలో ఒకటి మెలివేసి కలుపుతారు. ఆ మెలిక సడలితే నూలు ఎంత మంచిదైనా, పట్టు ఎంత గట్టిదైనా అంచు విడిపోతుంది. కడుపు కణాల మధ్య ఆ మెలిక ఇ-కెడ్‌హెరిన్ అనే ప్రొటీను. 1998లో న్యూజిలాండ్ పరిశోధకుడు ప్యారీ గిల్‌ఫోర్డ్, తరతరాలుగా కడుపు క్యాన్సర్‌తో చిన్న వయసులోనే మనుషులను పోగొట్టుకుంటున్న ఒక మావోరీ కుటుంబంలో ఈ ప్రొటీను జన్యువే చెడి ఉందని కనుగొన్నారు. వంశపారంపర్యం కాని విడివిడి రకంలోనూ ఇది తరచుగా పోతుంది. ఇ-కెడ్‌హెరిన్ మెలికకు లోపలి వైపు బీటా-కెటెనిన్ అనే ప్రొటీను కట్టి ఉంటుంది. మెలిక తెగినప్పుడు అది విడుదలై కేంద్రకంలోకి పోయి వింట్ మార్గపు జన్యువులను మేల్కొలపగలదు. క్యాగ్-ఏ కూడా ఈ ముడిని వదులు చేస్తుంది. అంటే మెలిక తెగడంతో కణం విడిపోవడమే కాక, పెరగమనే కబురు కూడా బయల్దేరవచ్చు.

వ్యాప్తి ఇక్కడి నుంచే మొదలవుతుంది. టీజీఎఫ్-బీటా అనే సంకేతం ఆరోగ్యంగా ఉన్న పొరలో విభజనను ఆపే మంచి కావలి. క్యాన్సర్ ముదిరాక అదే సంకేతం స్నెయిల్, ట్విస్ట్ వంటి ప్రొటీన్లను లేపి ఇ-కెడ్‌హెరిన్ తయారీని ఆపిస్తుంది. కణం పొర రూపం వదిలి, సాగి, కదిలే రూపం పొందుతుంది. కింది పొరను కరిగించే ఎంజైములు వదిలి గోడ దాటుతుంది. వీఈజీఎఫ్ అనే సంకేతం పంపి కొత్త రక్తనాళాలను తన వైపు పిలుచుకుంటుంది. రక్తం వెంట పోయినవి కాలేయంలో దిగుతాయి. లింఫు వెంట పోయినవి కొన్నిసార్లు ఎడమ కాలర్‌బోన్ పైన గడ్డగా తేలతాయి. జర్మన్ పాథాలజిస్టు విర్చో 19వ శతాబ్దంలోనే గుర్తించిన గడ్డ అది, వేలితో నొక్కి చూస్తే దొరుకుతుంది. గోడ చీల్చుకుని బయటపడినవి పొట్ట లోపలి పొర మీద విత్తనాల్లా రాలి మొలకెత్తుతాయి. పొట్టలో నీరు చేరడానికి అదొక కారణం. ఆడవారిలో అండాశయాల్లో కణితిగా మొదట కనిపించిన సందర్భాలూ ఉన్నాయి.

మార్గాలు తెలిశాక మందులు వచ్చాయి. వాటిలో ఎక్కువ ఓడిపోయాయి. ఆ ఓటములు చెప్పినంత పాఠం గెలుపులు చెప్పలేదని నా అభిప్రాయం. ఈజీఎఫ్ఆర్ అనే గ్రాహకాన్ని ఆపుతూ పెద్దపేగు క్యాన్సర్‌లో పనిచేసే మందులను కడుపు క్యాన్సర్‌లో వాడి చూశారు. 2013లో వెలువడ్డ ఒక ప్రయోగంలో పానిటుముమాబ్ కలిపినవారు సగటున 8.8 నెలలు, కలపనివారు 11.3 నెలలు బతికారు. ఎమ్‌టార్‌ను ఆపే ఎవెరోలిమస్ 656 మందిలో తేడా చూపలేకపోయింది. మెట్ గ్రాహకానికి వ్యతిరేకంగా తయారైన రిలోటుముమాబ్ ప్రయోగాన్ని, మందు తీసుకున్నవారిలో మరణాలు ఎక్కువ కావడంతో 2014లో ఆపేశారు. మెట్ ప్రయోగంలో ఆ ప్రొటీను ఉన్న రోగులనే ఎంచుకున్నారు కూడా. కణం మీద ఒక ప్రొటీను ఉండటం వేరు, కణితి దాని మీదే ఆధారపడి బతకడం వేరు. పైగా ఒక తూము మూస్తే పక్క కాలువ ఉండనే ఉంది.

గెలిచినవాటిలో ముందు చెప్పాల్సింది హెర్2 మందుల గురించి. హెర్2 అనే గ్రాహకానికి తనదంటూ కబురు ఏదీ రాదు, పక్క గ్రాహకాలతో జతకట్టి వాటి కబురును పెద్దది చేస్తుంది. కడుపు క్యాన్సర్లలో ఐదింట ఒకటికి కాస్త అటూ ఇటూగా ఇది విపరీతంగా పెరిగి ఉంటుంది. 2010లో 594 మందితో జరిగిన టోగా ప్రయోగంలో కీమోకు, హెర్2ను పట్టుకునే ట్రాస్టుజుమాబ్ కలిపితే ఆయుర్దాయం 11.1 నెలల నుంచి 13.8 నెలలకు పెరిగింది. 2014లో బయోకాన్ ఈ మందును మన దేశంలోనే తయారుచేసి అమ్మకానికి తెచ్చింది. ట్రాస్టుజుమాబ్‌కు కీమో అణువు తగిలించిన ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్, అంతకుముందు చికిత్సలు విఫలమైనవారికి సైతం 12.5 నెలలు ఇచ్చింది, మామూలు కీమోతో 8.4 నెలలే. రక్తనాళాల మార్గాన్ని ఆపే రాముసిరుమాబ్ లాభం స్వల్పం, 3.8 నెలలు 5.2 అయ్యాయి. రోగనిరోధక శక్తి బ్రేకు తీసే నివోలుమాబ్ 2021లో వచ్చిన ఫలితాల్లో, కణితిలో పీడీ-ఎల్1 అనే ప్రొటీను గుర్తు తగినంత ఉన్నవారిలో 11.1 నెలలను 14.4 చేసింది. తప్పులు దిద్దే యంత్రాంగం చెడిన కణితుల్లో ఈ తరహా మందులు ఇంకా బాగా పనిచేస్తాయి. తాజాది జోల్బెటుక్సిమాబ్. ఆరోగ్యమైన పొరలో కణాల బిగువులో దాగి ఉండే క్లాడిన్ 18.2 అనే ప్రొటీను, కణాల అమరిక చెదిరాక బయటపడుతుంది. ఈ మందు దాన్ని గుర్తుపట్టి పట్టుకుంటుంది. 2023 నాటి ప్రయోగంలో 15.5 నెలలు 18.2 అయ్యాయి.

ఇన్ని మందులూ, ఇన్ని కోట్ల ఖర్చూ కలిసి ముదిరిన జబ్బులో ఇచ్చింది నెలలు. ఆ నెలలు విలువైనవే. బిడ్డ పెళ్లి చూడటానికి, అప్పు తీర్చడానికి అవే మిగిలిన కాలం. అయితే ఆ నెలలు కూడా పరీక్ష సరిగా చేస్తేనే దక్కుతాయి. హెర్2 పరీక్షలో పలచటి కణజాలపు ముక్కకు రంగు పట్టిస్తారు. ఎక్కువగా ఉన్న చోట కణాల అంచులు గోధుమరంగు గీతలుగా తేలతాయి. కడుపు గ్రంథుల్లో ఆ గీత కణం చుట్టూ పూర్తిగా ఉండదు, గ్రంథి లోపలి వైపు వదిలి మిగతా మూడు వైపులే పడుతుంది. రొమ్ము క్యాన్సర్ లెక్కతో చూస్తే దాన్ని తక్కువగా అంచనా వేసే ప్రమాదముంది. పైగా ఒకే కణితిలో ఒక మూల గోధుమరంగు, పక్క మూల ఖాళీ. అందుకే ఎండోస్కోపీలో ఒకటి రెండు ముక్కలు తీస్తే చాలదు, ఆరు నుంచి ఎనిమిది కావాలి.

ఇక కబురు మొదలయ్యే తొలి తూము, క్రిమి దగ్గరికి వద్దాం. హెచ్. పైలోరీని పట్టుకునే చవకైన పరీక్ష ఎండోస్కోపీ గదిలోనే అయిపోతుంది. కడుపు పొర నుంచి తీసిన చిటికెడు ముక్కను పసుపురంగు జెల్‌లో వేస్తారు. క్రిమి ఉంటే దాని యూరియేజ్ వల్ల పసుపు కాస్తా గులాబీరంగుకు తిరుగుతుంది. గ్యాస్ గోలీ వేసుకుంటూ ఉంటే ఈ పరీక్ష తప్పు చెప్పవచ్చు, రెండు వారాలు ముందు ఆపాలి. చికిత్స పద్నాలుగు రోజులు, గోలీలే. మధ్యలో మానేస్తే క్రిమి మొండికేస్తుంది, అందుకని అయిపోయిన నెల తర్వాత మళ్లీ పరీక్షించుకోవాలి. ఫలితం చిన్నది కాదు. తైవాన్‌కు చెందిన మాట్సు దీవుల్లో 2004 నుంచి ఊరందరికీ ఈ చికిత్స ఇస్తే కడుపు క్యాన్సర్ 53 శాతం తగ్గింది. కొరియాలో తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ క్యాన్సర్ వచ్చినవారికి క్రిమిని తొలగిస్తే ముప్పు సగానికి పైగా తగ్గిందని 2020లో తేలింది. జపాన్ 2013లో క్రిమి వల్ల వచ్చే జఠర వాపుకే బీమా కింద ఈ చికిత్స ఇవ్వడం మొదలుపెట్టింది. మన దగ్గర క్రిమి చాలామందిలో ఉంటుంది, క్యాన్సర్ వచ్చేది కొద్దిమందికే. కనుక అందరికీ యాంటీబయాటిక్స్ పంచమని నేననను. రక్తసంబంధీకుల్లో ఈ జబ్బున్నవారికి, పుండు వచ్చినవారికి, ఎండోస్కోపీలో పొర ఎండినట్టు కనిపించినవారికి మాత్రం వెతికి ఇవ్వాల్సిందే.

దీనికి కావాల్సిన పునాది గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ జిల్లాల్లో ఇప్పుడు ఉంది. 2007 ఏప్రిల్ 1న ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకం ఆరోగ్యశ్రీని తొలిగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో, ఇవి అప్పట్లో భాగంగా ఉన్న ఉమ్మడి మహబూబ్‌నగర్ ఒకటి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు తెరుచుకున్నాయి. వైద్య కళాశాల అంటే పాథాలజీ విభాగం ఉండి తీరుతుంది. అక్కడ ఎండోస్కోపీ గది రోజూ నడవాలి, ఆ పసుపు జెల్ ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. నల్లమల లోపలి చెంచు పెంటల నుంచి, నడిగడ్డ పల్లెల నుంచి వచ్చిన మనిషి కర్నూలు దాకానో హైదరాబాద్ దాకానో పోకుండానే ఈ తొలి పరీక్ష పూర్తి కావాలి. ప్రభుత్వాన్ని అడగాల్సింది ముందుగా ఇది.

ఇంట్లోవారికి ఒక మాట. నలభై దాటిన మనిషి తిండి తగ్గి, బరువు తగ్గి, నెల దాటినా గ్యాస్ గోలీతోనే నెట్టుకొస్తుంటే ఎండోస్కోపీ చేయించండి. అందులో క్యాన్సర్ తేలితే, తీసిన ముక్కలను ల్యాబులో మైనపు దిమ్మెగా భద్రపరుస్తారు. హెర్2, పీడీ-ఎల్1, క్లాడిన్, డీఎన్ఏ దిద్దుబాటు పరీక్షలన్నీ తర్వాత ఆ దిమ్మె మీదే చేయవచ్చు, చాలాసార్లు మళ్లీ గొట్టం వేయాల్సిన పని ఉండదు.  రిపోర్టుతో పాటు ఆ దిమ్మెను కూడా అడిగి తీసుకుని, పెద్దాసుపత్రికి పోయేటప్పుడు సంచిలో పెట్టుకోండి.